అమ్మ చేతి చలిమిడి

కడుపు పోయిందని తెలియగానే మనవాళ్ళు మొదట అడిగేది "ఎలా ఉన్నావు" అని కాదు. "ఏం తిన్నావు" అని. బొప్పాయి తిన్నావా, అనాసపండు తిన్నావా, నువ్వులుండ తిన్నావా. తిండి దగ్గర తప్పు దొరక్కపోతే రెండో ప్రశ్న వేస్తారు. బండెక్కావా, బరువెత్తావా, కాలేజీలో మెట్లెక్కావా. అక్కడా దొరక్కపోతే మూడోది. ఎవరింటికి వెళ్ళావు, నీ దగ్గరికి ఎవరొచ్చారు. నన్ను ఈ మూడూ అడిగారు. మూడో ప్రశ్న దగ్గర వాళ్ళకి మా అమ్మ దొరికింది.

ఇది జరిగి ఏడు నెలలు దాటింది. ఒళ్ళు కుదుటపడింది. కోపం మాత్రం అలాగే ఉంది. అది తగ్గాక రాద్దామని కొన్నాళ్ళు ఆగాను. తగ్గేలా లేదని అర్థమయ్యాక కలం తీశాను. ఇది చదివేవాళ్ళలో నాలాంటి అమ్మాయి ఉంటే ఆమెకు ఒక్క మాట ముందే చెప్పేస్తాను. నువ్వు ఏమీ చెయ్యలేదు. నీ దగ్గరికి వచ్చినవాళ్ళూ ఏమీ చెయ్యలేదు. మిగతాది తీరిగ్గా చదువు.

జనవరి

నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా ఆయన శ్రీధర్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తారు. అత్తయ్యగారూ మామయ్యగారూ మాతోనే ఉంటారు. పెళ్ళయి నాలుగేళ్ళు. రెండో ఏడు నుంచే ఎక్కడికి వెళ్ళినా "ఏమన్నా విశేషమా" అని నా మొహం కన్నా ముందు నా పొట్ట చూసేవారు. జనవరి రెండో వారంలో డాక్టరుగారు తెర మీద ఒక చిన్న మిణుకు చూపించి "గుండె కొట్టుకుంటోంది చూశారా" అన్నారు. నేను చూశాను. ఆ రోజు క్లాసులో లోలకం పాఠం చెబుతూ మధ్యలో రెండుసార్లు నవ్వాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మావైపు ఐదో నెల దాకా బయట ఎవరికీ చెప్పరు. కానీ మూడో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి చేసి తెచ్చి, కూతురి ఒళ్ళో పెట్టి తినిపిస్తారు. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి, కొబ్బరి ముక్కలు, గసగసాలు వేసి చేస్తారు. కడుపుకి చలవ చేస్తుందని నమ్మకం. ఇరుగుపొరుగుకి తెలియకుండా గుట్టుగా తేవాలి కాబట్టి దీనికి దొంగ చలిమిడి అని పేరు. నలుగురినీ పిలిచి, బంతి వేసి పెట్టే చలిమిడి తర్వాతి సంగతి.

మా అమ్మది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. మా వీధిలో ఏ ఆడపిల్లకి చలిమిడి పెట్టాలన్నా పాకం పట్టేది అమ్మే. పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి చూసి, సరిగ్గా ఆ క్షణాన పొయ్యి ఆపేస్తుంది. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే చలిమిడి జారుగానో రాయిలాగానో అవుతుంది. అమ్మ చేతిలో అలా ఎప్పుడూ కాలేదు.

ఎనిమిదేళ్ళ క్రితం నాన్న పోయారు. ఆ తర్వాత కూడా అందరూ అమ్మ దగ్గరికే వచ్చేవారు. ఒక్క తేడా మాత్రం వచ్చింది. అంతకుముందు చలిమిడితో పాటు అమ్మనీ పేరంటానికి తీసుకెళ్ళేవారు. తర్వాత పెరటి గుమ్మం దగ్గర డబ్బా అందుకుని వెళ్ళిపోయేవారు. పాకం పట్టిన చేతికి లేని దోషం, ఆ డబ్బా ఒళ్ళో పెట్టే చేతికి ఎలా వస్తుందో నాకు అప్పుడు తోచనే లేదు. అమ్మ ఏమీ అనేది కాదు, నేనూ పట్టించుకోలేదు. ఇది రాస్తుంటే నామీద నాకే ఒళ్ళు మండుతోంది.

ఫిబ్రవరి మొదటి వారం

అమ్మ ఫోన్ చేసింది. "అమ్మడూ, పిన్ని చేత పంపిస్తానే. శుక్రవారం మంచిది."

పిన్ని అమ్మ చెల్లెలు, తునిలో ఉంటుంది. రెండు రోజులకి మళ్ళీ ఫోన్. పిన్ని అత్తగారిని ఆసుపత్రిలో చేర్చారట, పిన్ని కదల్లేదట. "వచ్చే వారం చూద్దాంలే" అంది అమ్మ.

"వచ్చే వారం ఎందుకు? నువ్వే రా" అన్నాను.

"నేను చేసి బస్సులో పంపిస్తాను. మీ అత్తగారు పెడతారు."

"నాకు నువ్వు కావాలి. వస్తావా రావా?"

వచ్చింది. పొద్దున్నే మొదటి బస్సెక్కి, ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పుకుని వచ్చింది. అత్తయ్యగారు "రండి వదినగారూ" అని కాఫీ ఇచ్చారు. పెట్టే వేళకి అమ్మ డబ్బా తీసి అత్తయ్యగారి చేతికి ఇవ్వబోయింది. నేనే ఆపాను. కొంగు పట్టి అమ్మ ముందు కూర్చుని "పెట్టమ్మా" అన్నాను. అమ్మ ఒకసారి అత్తయ్యగారి వైపు చూసింది. ఆవిడ ఏమీ అనలేదు. అమ్మ తమలపాకులు, పళ్ళు, జాకెట్టు గుడ్డ, చలిమిడి నా ఒళ్ళో పెట్టి, చిన్న ముద్ద తీసి నా నోట్లో పెట్టింది. తర్వాత నా పొట్ట మీద చెయ్యి వేసింది. వేసి వెంటనే తీసేసింది.

"పాకం ఎలా ఉందే?" అంది.

"సరిగ్గా కుదిరింది" అన్నాను.

ఫిబ్రవరి మూడో వారం

సరిగ్గా పది రోజులకి స్కాన్‌కి వెళ్ళాం. నాకు ఏ బాధా లేదు. చుక్క రక్తం కనబడలేదు. స్కాన్ చేసే ఆవిడ మొదట మాట్లాడుతూనే ఉంది, ఏ ఊరు, ఏం చదువు చెబుతారు అని. కాసేపటికి మాట ఆపేసింది. తెరని తన వైపు తిప్పుకుంది. "ఒక్క నిమిషం ఉండండమ్మా, మేడమ్‌ని పిలుస్తాను" అని వెళ్ళింది. ఆ ఒక్క నిమిషంలో నాకు అంతా తెలిసిపోయింది. పైకప్పుకి ఒక బల్లి ఉంది. అది కదలకుండా ఉన్నంతసేపూ ఏమీ కాలేదని పందెం వేసుకున్నాను.

డాక్టరుగారు వచ్చి చూసి, నా చెయ్యి పట్టుకుని, గుండె ఆగిపోయిందమ్మా అన్నారు. ఆ తర్వాత ఆవిడ చాలా చెప్పారట. నాకు ఒక్కటీ ఎక్కలేదు.

ఆ తర్వాత రెండు గంటలు బయట కూర్చోబెట్టారు. ఎక్కడ? మిగతా కడుపుతో ఉన్నవాళ్ళందరి మధ్యనే. గోడల నిండా నవ్వుతున్న పసిపిల్లల ఫొటోలు. నా పక్కనున్న అమ్మాయి నిండు నెలల పొట్ట మీద చేతులు పెట్టుకుని "మీకెన్నో నెలండీ" అని అడిగింది. పాపం తన తప్పేముంది. ఆ కుర్చీలు అలా వేసినవాళ్ళని అనాలి. ఇంతమందికి కడుపులు పోతుంటే, పోయినవాళ్ళు కూర్చోవడానికి ఒక మూల గది ఉంచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పైగా కౌంటర్ దగ్గర ఒకతను లేచి "డీ అండ్ సీ పేషెంట్ ఎవరండీ" అని సంతలో పిలిచినట్టు పిలిచాడు. ఆ పక్కనున్న అమ్మాయి చేతులు పొట్ట మీద ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. గర్భసంచి శుభ్రం చేయించుకోవాల్సింది నేనే. లేచి నిలబడ్డాను.

అక్కడ మనిషిలా ప్రవర్తించింది ఒక ఆయా. ఆమె పేరు కూడా నేను అడగలేదు. ప్రసవాల గది పక్కన వేసిన నా మంచాన్ని ఎవరినీ అడక్కుండా వరండా చివరికి తోసుకెళ్ళింది. "ఇక్కడైతే పిల్లల ఏడుపులు వినబడవు తల్లీ" అంది. పాదాల మీద దుప్పటి సర్ది, "నాకూ ఇద్దరు పోయారు. ఇప్పటికీ లెక్కలో వేసుకుంటాను. ఎంతమంది పిల్లలంటే నలుగురనే చెబుతాను, ఉన్నది ఇద్దరే అయినా" అంది. ఆ రోజు మొత్తం మీద నాకు ఎక్కిన మాట అదొక్కటే.

మర్నాడు ఇంటికి వచ్చాను. వంటింట్లో అమ్మ తెచ్చిన స్టీలు డబ్బా తోమి బోర్లించి ఉంది. అందులో సగం పైగా చలిమిడి ఉండాలి. రోజూ కాలేజీ నుంచి వచ్చాక ఒక ముద్ద తినేదాన్ని. ఏమైందని అడిగితే అత్తయ్యగారు "అదింకా ఇంట్లో ఎందుకమ్మా, తీసేశాను" అన్నారు.

ఆ సాయంత్రమే ఆ మూడు ప్రశ్నలూ మొదలయ్యాయి. పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది. ఏం తిన్నానో అయింది, ఏం ఎక్కానో అయింది. అప్పుడు అత్తయ్యగారు గొంతు తగ్గించి, నాకు వినబడేటంత మాత్రమే తగ్గించి, "నేను ఆవేళే అనుకున్నాను. ఆవిడ చేత ఒళ్ళో పెట్టించుకోవడమేంటి అని. అంటే బాగోదని ఊరుకున్నాను" అన్నారు. పక్కింటావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

శ్రీధర్ అక్కడే ఉన్నారు. "అమ్మా, ఇప్పుడెందుకవన్నీ" అన్నారు. అంతే. ఇప్పుడెందుకు అంటే ఏంటి? ఇంకోసారి తీరిగ్గా అనుకోమనా? అది తప్పు అని ఒక్క మాట అనడానికి ఆయనకి నోరు పెగల్లేదు.

ఇక్కడిదాకా మిగతావాళ్ళని తిట్టాను. ఇప్పుడు నా వంతు.

మూడో రోజున అమ్మ ఫోన్ చేసింది. అప్పటికి నాలుగోసారి. ముందు మూడుసార్లూ నేను ఎత్తలేదు. "రానా అమ్మడూ? రెండు రోజులుండి వెళ్ళిపోతాను" అంది.

"వచ్చింది చాలు" అన్నాను.

 అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. "నేను రమ్మన్నాననే అనుకో. నీకైనా తెలియొద్దా అమ్మా?"

అమ్మ ఏడవలేదు, కోప్పడలేదు. "నిజమేనమ్మా. నాకు తెలియాలి" అని ఫోన్ పెట్టేసింది.

న్యూటన్ సూత్రాలు చెప్పి బతికేదాన్ని, ఆ పూట మా అమ్మ చెయ్యి పడి నా బిడ్డ పోయిందని నమ్మాను. ఒక్క పూటే అని సరిపెట్టుకుందామంటే, ఆ పూటే నోరు జారాను. తప్పు ఎవరిదో ఒకరిది కావాలి అనిపించే సమయంలో, చేతికి దగ్గరగా ఉన్నవాళ్ళని కొడతాం. తిరిగి కొట్టనివాళ్ళనే కొడతాం.

మార్చి

కాలేజీకి సెలవు చీటీలో వైరల్ జ్వరం అని రాశాం. కడుపుతో ఉన్నానని అక్కడ ఎవరికీ చెప్పలేదు కాబట్టి పోయిందనీ చెప్పడానికి లేదు. స్టాఫ్‌రూమ్‌లో "జ్వరం బాగా పీల్చేసిందండీ మిమ్మల్ని" అన్నారు. బొప్పాయి ఆకు రసం తాగమన్నారు. బొప్పాయి మాట వినగానే పకపకా నవ్వాను, నవ్వు ఆగలేదు. అందరూ కంగారు పడ్డారు.

గుట్టుగా ఉంచడం మంచికే అంటారు. మంచి ఎవరికో నాకు తెలియలేదు. సంతోషం అయితే గుట్టుగా దాచుకోవచ్చు, అదో సరదా. ఏడుపు దాచుకోవడం అలా ఉండదు. పంపు తిప్పి స్నానాల గదిలో ఏడ్చేదాన్ని. బయట మామయ్యగారు "ట్యాంకు ఖాళీ అవుతుందేమో చూడండి" అనేవారు.

అమ్మ రోజూ ఫోన్ చెయ్యడం మానేసింది. చేసినా "తిన్నావా, మందులు వేసుకున్నావా" అంతే. క్షమించమని అడగాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. అమ్మ "సరేనమ్మా, ఉంటాను" అనేసేది. నా మాట తగలడానికి అవకాశమే లేనంత దూరంగా మాట్లాడేది.

నెలాఖరున పిన్ని ఫోన్ చేసింది. "మీ అమ్మకి చేతికేమైందే?" అంది.

"ఏమైంది?"

"అదే నేనూ అడుగుతున్నా. మీ వీధిలో ఎవరో చలిమిడికి వస్తే చెయ్యి బాగాలేదు, పాకం పట్టలేనని పంపేసిందంట. ఇంకెవరో వస్తే వాళ్ళకీ అలాగే చెప్పిందంట. మొన్న నేను వెళితే చెయ్యి బాగానే ఉంది. బిందె ఎత్తుతోంది."

 కడుపు పోయినప్పుడు ఎంత భయం వేసిందో అప్పుడు అంత భయం వేసింది. బిడ్డ ఎలాగూ పోయింది. ఇప్పుడు అమ్మ పోతోంది, దానికి కారణం నేను.

ఏప్రిల్

ఆఖరుసారి చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. అవే కుర్చీలు, అవే ఫొటోలు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, తలెత్తకుండా ఉండటం కోసం అందులో కాగితాలు తిరగేశాను. ఏటా వందల ప్రాక్టికల్ రికార్డులు దిద్దేదాన్ని, నా రిపోర్టు నేనే చదవలేదు. నెలసరి తేదీ ప్రకారం పదకొండు వారాల మూడు రోజులు అని ఉంది. దాని కింద, కొలత ప్రకారం ఎనిమిది వారాల రెండు రోజులు అని ఉంది.

రెండూ చూశాను. ఫైలు అట్ట వెనక తీసివేత వేశాను. ఇరవై రెండు రోజులు. అమ్మ వచ్చింది స్కాన్‌కి పది రోజుల ముందు. అంటే అమ్మ బస్సు ఎక్కేటప్పటికే పన్నెండు రోజులైంది.

లోపలికి వెళ్ళి డాక్టరుగారిని అడిగాను. "ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉంటుంది. కానీ ఎనిమిదో వారంలోనే ఆగిపోయిందమ్మా. మొదట్లో పోయేవాటిలో చాలావరకు పిండం ఏర్పడేటప్పుడే తేడా వస్తుంది. తిండి వల్లా కాదు, నడిచినందువల్లా కాదు. ఎవరూ ఆపగలిగేది కాదు" అన్నారు.

"ఈ మాట ఆవేళే ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను. మీరు వినే స్థితిలో లేరు. మీ వారికి వివరంగా చెప్పాను, మూడు వారాల కిందటే ఆగిపోయి ఉంటుందని."

శ్రీధర్ బయట బండి మీద ఉన్నారు. ఎక్కాను. గోదావరి గట్టు మీదికి వచ్చాక ఆపమన్నాను.

"మీకు ఆ రోజే తెలుసా?"

ఆయన హెల్మెట్ తీశారు. "తెలుసు."

"అత్తయ్యగారు మా అమ్మని అన్నప్పుడు కూడా తెలుసా?"

"అమ్మతో వాదన ఎందుకని..." అన్నారు. తర్వాత "రెండు రోజులు పోతే తనే మర్చిపోతుందనుకున్నాను, పద్మా" అన్నారు.

ఆ గట్టు మీద నేను ఏమేమి అన్నానో రాయను. చేపలు అమ్ముకునే ఆవిడ గంప దించి మరీ చూసింది. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. మౌనంగా ఉండే మగవాళ్ళని మంచివాళ్ళంటారు మావైపు. ఆయన మంచితనం ఖరీదు మా అమ్మ కట్టింది.

ఇంటికి వెళ్ళి అట్ట మీద తీసివేత అత్తయ్యగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "ఈ లెక్కలు మాకేం తెలుస్తాయమ్మా. జరిగిందేదో జరిగిపోయింది, ఇంకా తవ్వుకోవడం ఎందుకు" అన్నారు. తవ్వింది తను. పూడ్చుకోవాల్సింది మేము.

ఆ తర్వాతి ఆదివారం ఫైలు పట్టుకుని ఊరు వెళ్ళాను. అమ్మ అరుగు మీద కందిపప్పు బాగుచేస్తోంది. పక్కన కూర్చుని, కాగితం చూపించి, వేలు పెట్టి చెప్పాను. నువ్వు రాకముందే అమ్మా, పన్నెండు రోజుల ముందే. అమ్మ మొహంలో వెలుగు వస్తుందని ఎదురుచూస్తూ చెప్పాను.

"అయితే నేను వచ్చేటప్పటికే లేదా?" అంది.

"లేదు."

"నీ పొట్ట మీద చెయ్యి వేశాను కదే."

అప్పుడు ఏడ్చింది. చేట పక్కకి పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. అప్పటిదాకా మనవడో మనవరాలో పోయిందని అమ్మ ఏడవలేదని నాకు అప్పుడు తెలిసింది. దోషిగా నిలబెడితే ఏడవడానికి హక్కెక్కడిది? రెండు నెలలుగా మేము ఆవిడకి ఆ హక్కు ఇవ్వలేదు.

"నేను అలా అని ఉండకూడదమ్మా" అన్నాను.

"నువ్వు అన్నావని కాదే. నువ్వు అనకముందే నేను అనుకున్నాను. ఆ వేళ బస్సులో వస్తూనే అనుకున్నాను, వెనక్కి వెళ్ళిపోదామా అని."

తిరుగు బస్సులో నాకు మరో సంగతి తట్టింది. పన్నెండు రోజుల ముందే అని గొప్పగా రుజువు చేశాను. సరే. అదే పన్నెండు రోజుల తర్వాత అయితే? అప్పుడు మా అమ్మ దోషి అయిపోయేదా? నేను లెక్క చూపించి మా అమ్మని విడిపించడమంటే, ఆవిడని పట్టుకున్నవాళ్ళ న్యాయం సరైందేనని ఒప్పుకోవడం. చేతిలో ఉన్న కాగితం నలిపేయాలనిపించింది. మందులు రాసింది దాని మీదే కాబట్టి నలపలేదు.

అమ్మ పాకం పట్టడం మొదలుపెట్టలేదు.

ఆగస్టు

మా ఆడపడుచు స్వాతిని పిఠాపురం ఇచ్చారు. ఆగస్టు చివర్లో తను నెల తప్పిందని, మూడో నెల వచ్చిందని తెలిసింది. నాకు సంతోషం కలిగింది, అసూయా కలిగింది. రెండూ ఒకేసారి కలుగుతాయి. కలిగితే మీరు చెడ్డవాళ్ళు అయిపోయినట్టు కాదు.

ఈసారి చలిమిడి పట్టుకెళ్ళాల్సింది మా అత్తయ్యగారు, స్వాతి పుట్టింటివాళ్ళం మేమే కదా. భోజనాల దగ్గర ఆవిడ మామూలుగా, పప్పులో ఉప్పు సంగతి చెప్పినట్టు, "పద్మా, చలిమిడి మీ అమ్మగారి చేత చేయించమ్మా. ఆ పాకం ఇంకెవరికీ కుదరదు. శ్రీధర్ వెళ్ళి డబ్బా తెచ్చేస్తాడు. ఆవిడ రావక్కర్లేదులే, ఎండలో శ్రమ" అన్నారు.

నేను కంచంలో చెయ్యి ఆపేశాను. "మా అమ్మ చేత్తో కలిపింది స్వాతి తినొచ్చాండీ?"

"అదేంటమ్మా, చెయ్యడానికేం?"

"చేస్తే దోషం లేదు, పెడితే ఉంది. అంతేకదండీ? మా అమ్మ చేతిలో పాకం పట్టేటప్పుడు లేని దోషం గుమ్మం దాటాక ఎక్కడినుంచి వస్తుందో చెప్పండి. నా బిడ్డ పోయిన మర్నాడు ఆవిడ చలిమిడి పారేసి డబ్బా బోర్లించారు. ఇప్పుడు అదే చలిమిడి మీ అమ్మాయికి కావాల్సి వచ్చిందా? మా అమ్మ చెయ్యదు. బజార్లో కొనుక్కోండి."

అత్తయ్యగారు కొడుకు వైపు చూశారు. శ్రీధర్ కాసేపు అన్నం కెలికి, "నేను డబ్బా తేనమ్మా" అన్నారు. తలెత్తకుండానే, "ఆ రోజు డాక్టరు చెప్పింది నాకు తెలుసు. నీకు చెప్పలేదు. నువ్వు అన్నది తప్పు, నేను ఊరుకున్నది ఇంకా తప్పు" అన్నారు. ఆరు నెలలు పట్టింది ఆయనకి ఆ మాటకి. నేను మెచ్చుకోలేదు. మారు అన్నం మాత్రం వడ్డించాను.

గెలిచిన ఊపులో అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. ఒంటికాలి మీద లేచింది.

"నా తరఫున చెప్పడానికి నువ్వెవరివే? ఆ పిల్ల ఏం చేసింది? మూడో నెల దాని చలిమిడి ఆపేస్తావా?"

"మరి చేస్తావా?"

 అవతల టీవీలో ఏదో వంటల కార్యక్రమం వినబడుతోంది.

"చేస్తాను. డబ్బా మాత్రం ఎవరికీ ఇవ్వను. నేనే తెస్తాను. మీ అత్తగారితో చెప్పు."

సెప్టెంబరు మొదటి వారం

చెప్పాను. అత్తయ్యగారు అవుననలేదు, కాదనలేదు.

అమ్మ పది గంటలకి, వీధి గుమ్మంలోంచి, పక్కింటావిడ చూస్తుండగా వచ్చింది. చేతిలో రెండు సంచులు. ఈసారి డబ్బా మీద తువ్వాలు లేదు. హాల్లో కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, పెద్ద డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"వదినగారూ, ఇది స్వాతికి. ఒళ్ళో మీరే పెట్టండి, నాకేమీ పట్టింపు లేదు. నేను చేశానని మాత్రం ఆ పిల్లకి చెప్పి పెట్టండి. తెలిసి తింటానంటే తింటుంది, వద్దంటే వదిలేస్తుంది. దాచి పెట్టొద్దు."

అమ్మ అంత పొడుగు మాట ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తయ్యగారు నిలబడి విన్నారు. డబ్బా మీద చెయ్యి వేసి, తియ్యకుండా కాసేపు అలాగే ఉంచారు. చివరికి "చెబుతానండి" అన్నారు. చెప్పారు కూడా. మర్నాడు స్వాతి నాకు ఫోన్ చేసి "మీ అమ్మగారు చేశారటగా వదినా, సగం నేనే తినేశాను" అంది. ఆ ఒక్క మాటతో అత్తయ్యగారి మీద నా కోపం తీరిపోయిందని అనుకోకండి. తీరలేదు.

ఇక ఆ రోజు సంగతి. అత్తయ్యగారు హాల్లో ఉండగానే అమ్మ రెండో సంచిలో చెయ్యి పెట్టింది. ఫిబ్రవరిలో తెచ్చిన ఆ పాత స్టీలు డబ్బా తీసింది. తోమి బోర్లించిన దాన్ని నేనే ఏప్రిల్లో తిరిగి ఇచ్చేశాను.

"ఇలా వచ్చి కూర్చో" అంది.

"నాకెందుకమ్మా ఇప్పుడు? నాకేమీ లేదు కదా."

"కూర్చోవే."

కూర్చుని కొంగు పట్టాను. అమ్మ ఈసారి ఎవరి వైపూ చూడలేదు. తమలపాకులు పెట్టింది, అరటిపళ్ళు పెట్టింది, డబ్బా మూత తీసి నా ఒళ్ళో పెట్టింది. నా మీదికి వంగి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"ఈ వారమే కదే, పురిటికి డాక్టరు చెప్పిన తేదీ."

ఆ తేదీ ఎవరికీ గుర్తులేదనుకున్నాను. శ్రీధర్‌కి గుర్తులేదు. అత్తయ్యగారికి గుర్తులేదు. నేను పొద్దున లేచినప్పటినుంచీ ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. అమ్మ ముద్ద తీసి నా నోటికి అందించింది. తర్వాత, తియ్యకుండా, నా పొట్ట మీద చెయ్యి ఉంచింది.

"పాకం ఎలా ఉంది?" అంది.

 మింగి, హాల్లో అందరికీ వినబడేలా చెప్పాను, సరిగ్గా కుదిరిందని.